వేలు ఒకరిది, పొట్ట ఒకరిది

ఆసుపత్రి ఉద్యోగం అనగానే మీకు సూదులూ కట్లూ గుర్తొస్తాయి. నా సర్వీసు చివర్లో కొన్నేళ్లు నేను ఒక్క సూదీ పట్టకుండా గడిపాను. బల్ల వెనక కుర్చీలో కూర్చుని ఏది సర్కారు భరించే రోగమో, ఏది సొంత రోగమో తేల్చేదాన్ని. ఇప్పుడు అలాంటి కుర్చీల్లోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, "మీ అనుభవం చెప్పండమ్మా" అని అడుగుతారు. అనుభవమంటే నేను చేసిన మంచిపనులని వాళ్ల ఉద్దేశం. అవి నాకంతగా జ్ఞాపకం లేవు. చేసిన రెండు తప్పులు మాత్రం బాగా జ్ఞాపకం ఉన్నాయి. మొదటిది రూలు ప్రకారం చేశాను, మెచ్చుకున్నారు. రెండోది రూలు తప్పి చేశాను, కుర్చీ పోయింది.

శ్రీకాకుళం పట్టణంలో యాభై పడకల ప్రైవేటు ఆసుపత్రి మాది. అక్కడ ఇరవై ఏళ్లకు పైగా నర్సుగా చేశాను. మోకాళ్లు అరిగిపోయి వార్డులో తిరగలేని స్థితికి వచ్చాక, ఆసుపత్రి యజమాని అయిన సర్జన్‌గారు నన్ను పిలిచి, "సిస్టర్, మీ చేతిరాత బాగుంటుంది. ఇక మీరు బీమా బల్ల చూసుకోండి" అన్నారు. రేషన్ కార్డు ఉన్న పేదవాళ్లకి ఆపరేషన్లు ఉచితంగా చేయించి, ఆ ఖర్చు ఆసుపత్రికి ప్రభుత్వమే ఇచ్చే పథకం అది. అప్పటికి అది వచ్చి కొన్నేళ్లయింది.

ఆ పథకంలో డబ్బిచ్చే పద్ధతి ఒకటి ఉండేది. పూర్వం ఆసుపత్రులు దూదికింత, దారానికింత, డాక్టరు తొంగిచూసినందుకింత అని బిల్లు వేసేవి. ఆ బిల్లుల పొడుగు చూసి భయపడి, ప్రభుత్వం ఒక్కో ఆపరేషన్‌కి ఒక్కో మొత్తం ఖాయం చేసింది. దాన్నే ప్యాకేజీ అనేవాళ్లం. రోగి రెండు రోజుల్లో లేచినా, ఇరవై రోజులు పడుకున్నా ఇచ్చేది అంతే. ఆ పద్ధతి వచ్చిన దగ్గర్నుంచి మా ఆసుపత్రిలో రోగులు చాలా తొందరగా కోలుకోవడం మొదలుపెట్టారు.

ప్యాకేజీల పుస్తకమంతా మా బిల్లుల గుమాస్తాకి కంఠతా వచ్చు. సోంపేట వైపు మనిషి, చెవి మీద పెన్ను లేకుండా నేనెప్పుడూ చూడలేదు. "రోగం ఉంటే సరిపోదు సిస్టర్, దానికో నంబరుండాలి" అనేవాడు. నంబరు లేని రోగంతో వచ్చినవాళ్లని విసుక్కునేవాడు కాదు, పాపం. పల్చటి మజ్జిగ తాగమని సలహా చెప్పి పంపేవాడు.

రోగి ఇంటికి వెళ్లేరోజు మంచం మీద కూర్చోబెట్టి ఫోటో తీయడం కూడా నా పనే. ఫోటోలో రోగి సంతృప్తిగా కనిపించాలి. కుట్లు పచ్చిగా ఉన్నవాళ్ల చేత కూడా నేను నవ్వించేదాన్ని.

ఇలా ఉండగా వేలిముద్రల యంత్రం వచ్చింది. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది. ఒకరి కార్డు మీద ఇంకొకరు వైద్యం చేయించుకుంటున్నారనీ, దాన్ని ఆపితే పేదల డబ్బు పేదలకే మిగులుతుందనీ జిల్లా ఆఫీసులో మాకు శిక్షణ ఇచ్చారు. నాకది న్యాయంగానే తోచింది. ఇప్పటికీ న్యాయమే అంటాను. వేలిముద్ర కలిస్తే యంత్రంలో పచ్చ దీపం, కలవకపోతే ఎర్ర దీపం.

మొదటి నెలలోనే ఒకడు దొరికాడు. శ్రీముఖలింగం దగ్గరి పల్లె నుంచి తమ్ముడి కార్డు పట్టుకుని కిడ్నీలో రాయితో వచ్చాడు. ఎర్ర దీపం వెలిగింది. నాలుగు ప్రశ్నలు అడిగేసరికి ఒప్పేసుకున్నాడు. తన కార్డు ఎప్పుడో తీసేశారట. పంపించేశాను. జిల్లా ఆఫీసరుగారు ఫోన్ చేసి అభినందించారు, తరవాత మీటింగులో సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. ఆ ఆదివారం మా బాప్టిస్టు చర్చిలో పాస్టరుగారు ఆ సంగతి ప్రకటించి అందరి చేతా చప్పట్లు కొట్టించారు. ఆ మనిషి రాయి ఏమైందో మాత్రం నేను కనుక్కోలేదు.

ఆ సర్టిఫికెట్ వేడి చల్లారకముందే వాళ్లిద్దరూ వచ్చారు. భావనపాడు దగ్గర సముద్రం ఒడ్డున ఉన్న పల్లె వాళ్లది. ఒకామె నలభై దాటిన మనిషి, సన్నగా, మాట బయటికి రాని రకం. పలాసలో జీడిపిక్కలు కొట్టే పని. భర్త గుజరాత్ బోట్ల మీద వేటకి వెళ్లాడు, ఏడాదిలో ఎక్కువ నెలలు అక్కడే. తోడు వచ్చినామె ఆ భర్త చెల్లెలు. మొగుడు పోయాక పుట్టింటికి వచ్చేసి, గంపలో చేపలు పెట్టుకుని ఊరూరా అమ్ముకుంటుంది. మాట వీధి చివరిదాకా వినపడుతుంది. ఇద్దరూ ఒకే ఇల్లు, ఒకే రేషన్ కార్డు. వాళ్లని వదిన, ఆడపడుచు అనే చెబుతాను. పేర్లు చెప్పే హక్కు నాకు లేదు. ఆ పేర్లతో నేను చేసిన గందరగోళం చాలు.

వదినకి బొడ్డు పక్కన నిమ్మకాయంత బుడిపె. హెర్నియా. రోజంతా గొంతుక్కూర్చుని పిక్కలు కొట్టే మనిషికి అది ఊరికే ఉండదు. సర్జన్‌గారు చూసి, చిన్న ఆపరేషన్, అరగంట పని అన్నారు. దానికి నంబరుందని గుమాస్తా చెప్పాడు. ఇక నా వంతు.

ఆమె బొటనవేలు పెట్టింది. ఎర్ర దీపం. తుడిచి మళ్లీ పెట్టించాను. ఎర్ర దీపం. పది వేళ్లూ అయ్యాయి.

"ఈ కార్డు నీదేనా?" అన్నాను.

"నాదే అమ్మా. బొమ్మ కూడా నాదే, సూడండి."

రేషన్ కార్డు బొమ్మలో మా జిల్లా ఆడవాళ్లందరూ ఒకేలా ఉంటారు. "మరి వేళ్లెందుకు పడటం లేదు?"

"జీడి పాలు తినీసాయమ్మా. పద్నాలుగేళ్లుగా పిక్కలు కొడతన్నాను" అని అరచేతులు చాపింది.

జీడిపిక్క తొక్కలోంచి కారే రసం చర్మాన్ని కాల్చేస్తుంది. ఆ సంగతి మా జిల్లాలో పుట్టినవాళ్లందరికీ తెలుసు. ఆమె వేళ్ల కొసలు నల్లబడి, గీతన్నది లేకుండా పలక రాళ్లలా నున్నగా ఉన్నాయి. నేను నర్సుని, అలాంటి చేతులకి ఎన్నోసార్లు మందు రాసినదాన్ని. కానీ ఆ పూట చేతులు చూడటం నా ఉద్యోగం కాదనిపించింది. దీపం చూడటమే ఉద్యోగం. పైగా దొరికిపోయినవాళ్లందరూ ఏదో ఒక కారణం చెబుతారని శిక్షణలో చెప్పి ఉన్నారు.

"కుదరదమ్మా" అన్నాను.

ఆడపడుచు ముందుకొచ్చి బల్ల మీద రెండు చేతులూ ఆన్చింది. "ఓలమ్మా, మడిసి ఎదురుగా ఉన్నాది. కార్డు ఉన్నాది. పొట్ట మీద అంత కాయ ఉన్నాది. ఇంకేటి కావాల మీకు?"

"ఆమె ఆమేనని రుజువు కావాలి."

"ఆమె ఆమె కాకపోతే, ఇరవై ఏళ్లుగా మా ఇంట్లో నాను ఎవర్తితో తగువాడతన్నాను?"

వరండాలో ఉన్నవాళ్లు నవ్వారు. నాకు కోపం వచ్చింది. నవ్వు వచ్చి ఉంటే ఈ కథ అక్కడే ఆగిపోయేది. రాతపూర్వకంగా పైవాళ్లని అడగవచ్చు. చేతుల ఫోటో పంపవచ్చు. కనీసం మంచి మాటతో రెండు రోజులు ఆగమనవచ్చు. అవేమీ చేయలేదు. వేలిముద్రలు తీసే కేంద్రానికి వెళ్లి కొత్తగా వేయించుకుని రమ్మన్నాను. "ఎల్దాం రాయే, ఈ బల్లకి మనం కనపడం" అని ఆడపడుచు వదిన చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది.

నెలాఖరున జిల్లా ఆఫీసుకి పంపే ఫారం నింపుతూ గుమాస్తా, "ఆ జీడిపిక్కల ఆమెని ఏ గడిలో వేయమంటారు సిస్టర్?" అని అడిగాడు. ఫారంలో ఆమోదించినవి, రోగం సరిపడక తిరస్కరించినవి, అడ్డుకున్న మోసాలు అని మూడు గడులే ఉన్నాయి. వేళ్లు అరిగిపోయినవాళ్లకి గడి లేదు. "మూడోదాంట్లో వేసేయండి" అన్నాను. ఆ నెల మా ఆసుపత్రి జిల్లాలో మొదటి వరసలో నిలబడింది.

ఆ తరవాత వాళ్లేం పడ్డారో నాకు ఆలస్యంగా తెలిసింది. కేంద్రంలో వాళ్లు ఆమె వేళ్లు చూసి, నెలా రెండు నెలలు పని మానేసి కొబ్బరినూనె రాసుకో, గీతలు అవే వస్తాయి అన్నారట. మంచి సలహానే. ఆమె పన్నెండు రోజులు మానింది. పదమూడో రోజు కార్ఖానావాళ్లు ఆమె పీట ఇంకొకరికి ఇస్తామన్నారు. మళ్లీ వెళ్లి కూర్చుంది. ఆమె పని మానితే యంత్రం గుర్తుపడుతుంది, పని చేస్తే కార్ఖానా గుర్తుపడుతుంది. రెండూ ఒకేసారి కుదరలేదు.

సుమారు నెల తరవాత ఒక సోమవారం పొద్దున్న అంబులెన్సులో తెచ్చారు. బుడిపె నారింజకాయంత అయింది, మీద చర్మం నల్లబడింది. రెండు రోజులుగా వాంతులు. పేగు ఆ సందులో ఇరుక్కుని మెలిపడిపోయిందని చూడగానే తెలిసింది. ఆ క్షణంలో నేను బల్ల మనిషిని కాను, మళ్లీ నర్సుని. స్ట్రెచర్ పక్కన మోకాళ్ల నొప్పి మరిచిపోయి పరిగెత్తాను. ఆమె నన్ను చూసి, "మళ్లీ వచ్చీసాను అమ్మా" అంది, తప్పు చేసినట్టు.

అత్యవసరమైన కేసుల్లో ఫోన్ మీదే అనుమతి ఇచ్చేవాళ్లు. కార్డు నంబరు చెబితే చాలు. రోగి వేలిముద్ర మాత్రం మర్నాడు సాయంత్రంలోగా పడాలి. ఆ కార్డులో ఉన్నవాళ్లలో రోగి ఎవరన్నది ముద్ర పడినప్పుడే ఖాయమవుతుంది. పడకపోతే అనుమతి దానంతటదే రద్దు, ఖర్చంతా రోగిది. నేను ఫోన్ చేశాను. సర్జన్‌గారు వెంటనే లోపలికి తీసుకెళ్లారు.

మధ్యాహ్నం ఆయన బయటికొచ్చి నా బల్ల ముందు నిలబడ్డారు. "ఇది నెల కిందట వచ్చిన కేసేనా సిస్టర్?"

"అవునండి."

"ఆ రోజు అరగంట పని. ఇవాళ జానెడు పేగు కుళ్లిపోతే కోసి పారేశాను. బతుకుతుందిలెండి." కళ్లజోడు తుడుచుకుని మళ్లీ అన్నారు: "పథకానికి మంచి బేరమే. అప్పటి ప్యాకేజీకి మూడింతలు ఇప్పుడిది. మోసం ఆపాం కదా మరి."

ఆయన మాట ఎప్పుడూ అంతే. కోపంగా తిడితే బాగుండుననిపించింది.

మర్నాడు యంత్రాన్ని ఆమె మంచం దగ్గరికే తీసుకెళ్లాను. వేళ్లు గోరువెచ్చని నీళ్లతో కడిగాను, మెత్తటి గుడ్డతో తుడిచాను, ఊది ఆరబెట్టాను. ఒక్కో వేలికీ నాలుగేసిసార్లు చూశాను. ఎర్ర దీపం. పొద్దుట్నుంచి మధ్యాహ్నం దాకా అదే పని.

"నా వల్ల మీకు ఎంత ఇబ్బందో అమ్మా" అంది ఆమె, ముక్కులో గొట్టంతో.

సర్జన్‌గారి దగ్గరికి వెళ్లాను. "నేను ధర్మాసుపత్రి నడపడం లేదు సిస్టర్. మత్తిచ్చే డాక్టరు బయటినుంచి వచ్చాడు, అతనికి నేను ఇచ్చుకోవాలి" అన్నారు. అది నిజమే. తిరిగొచ్చి జిల్లా ఆఫీసరుగారికి ఫోన్ చేశాను. మనిషి మంచివాడు. ఎప్పుడూ హడావిడిలో ఉంటాడు. నా సంగతి సగం విని, "అంత కంగారెందుకు సిస్టర్, ఇంకో వేలు పెట్టి చూడండి. ఏదో ఒకటి పడుతుంది" అన్నాడు.

నా ఫోన్‌లో అవతలివాళ్ల మాట గదంతా వినపడేది. మంచం అవతల నిలబడ్డ ఆడపడుచు తలెత్తింది.

"ఇంకో ఏలు నా దగ్గర ఉన్నాది" అంది.

నాకు అర్థమైంది. అర్థం కానట్టు, "ఏమిటి?" అన్నాను.

"నాది కూడా ఆ కార్డే కదమ్మా. నా ఏలు ఎట్టీండి. సేపలు కోసిన ఏలైనా గీతలు బాగున్నాయి, సూడండి" అని బొటనవేలు నా ముఖం ముందు పెట్టింది.

గుమాస్తా అక్కడే ఉన్నాడు, ఫైలు పట్టుకుని. మా ఇద్దరి ముఖాలూ చూశాడు. "సిస్టర్, నేను టీ తాగి వస్తాను. ఇవాళ హోటల్లో రద్దీగా ఉంది, అరగంట పడుతుంది" అని ఫైలు నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. ఆ మనిషి పగలు టీ తాగగా నేనెప్పుడూ చూడలేదు.

ఎక్కువసేపు ఆలోచించానని చెబితే అబద్ధం. ఆ నెల ఫారంలో మూడో గడి నా కళ్లముందు ఉంది. యంత్రాన్ని ఆడపడుచు వైపు తిప్పాను. వేలు పెట్టింది. పచ్చ దీపం. నేను ఆ ఉద్యోగంలో చేరాక అంత తొందరగా వెలిగిన పచ్చ దీపం ఇంకోటి లేదు. అనుమతి ఖాయమైంది. అప్పట్నుంచి కాగితాల్లో పేగు కోయించుకున్నది ఆడపడుచు. వదిన ఆసుపత్రికే రాలేదు.

ఇంటికి వెళ్లేరోజు ఫోటోకి, ఆడపడుచు పేరు రాసిన పలక వదిన చేతికిచ్చాను. ఆమెకి చదువు రాదు. విషయం చెప్పాను. "అయితే నాను మా ఆడపడుచునైపోనానా?" అని పొట్ట పట్టుకుని నవ్వింది. ఫోటోలు తీసిన అన్నేళ్లలో నేను నవ్వించకుండా నవ్విన రోగి ఆమె ఒక్కతే.

రెండు నెలల తరవాత చూపించుకోవడానికి వచ్చింది. ఒళ్లు కాస్త తేరుకుంది. పనిలోకి ఇంకా వెళ్లలేదు. ఎందుకో అనుమానం వచ్చి యంత్రం ముందు పెట్టాను, వేలు పెట్టమన్నాను. పచ్చ దీపం! చర్మం మళ్లీ పుట్టింది, గీతలు వచ్చాయి. ఆమె ఆమేనని యంత్రం ఒప్పుకుంది. కాకపోతే దాని లెక్కలో ఆమె పొట్టని ఎవరూ ముట్టుకోలేదు, ఇంకా ఉచిత ఆపరేషన్‌కి అర్హురాలు. ఆ వారమే ఆమె తిరిగి జీడి కార్ఖానాకి వెళ్లింది.

ఏడాదిన్నర హాయిగా గడిచింది. నేను మూడో గడి నింపడం మానేశాను. మా ఆసుపత్రి వెనకబడిపోయిందని మీటింగుల్లో అనేవాళ్లు, వినేదాన్ని.

అప్పుడు ఆడపడుచు వచ్చింది, ఈసారి తన పొట్ట పట్టుకుని. పిత్తాశయంలో రాళ్లు. తిన్నదల్లా వెనక్కి వస్తోంది, గంప ఎత్తలేకపోతోంది. వేలు పెట్టింది, పచ్చ దీపం. నేను ఊపిరి పీల్చుకునేలోగా పైనుంచి ప్రశ్న వచ్చింది: ఈ రోగికి లోగడ పేగు కోసి కుట్టారు కదా, ఆ మచ్చ ఫోటో పంపండి, పాత కాగితాలు జతచేయండి.

ఆడపడుచు పొట్ట మీద మచ్చ ఎక్కడుంది?

గుమాస్తా చాలాసేపు పెన్ను చెవి మీద నుంచి తీసి పెట్టి, తీసి పెట్టి, చివరికి అన్నాడు: "వదినని పిలిపించి ఆమె పొట్ట ఫోటో తీసి పంపుదాం సిస్టర్. ముఖం పడకుండా."

అతను అన్నది జరిగే పనే. భయం వేసింది కూడా అందుకే. పోయినసారి పొట్ట నిజం, వేలు అబద్ధం. ఈసారి వేలు నిజం, పొట్ట అబద్ధం. ఇలా పోతే రేపు ఆ ఇంట్లో ఎవరికి ఏ మందు పడదో, ఎవరికి ఏం కోశారో మాకే తెలియకుండా పోతుంది. రోగి చరిత్రలో అబద్ధం రాయడమంటే ఏమిటో నర్సుకి ఎవరూ శిక్షణ ఇవ్వక్కర్లేదు.

ఆ మధ్యాహ్నం జిల్లా ఆఫీసుకి ఒక ఉత్తరం రాశాను, పేజీన్నర. సర్జన్‌గారు మెచ్చుకున్న చేతిరాత మొదటిసారి పనికొచ్చింది. మొదటి పేరాలో, పేగు ఆపరేషన్‌కి నెల ముందు వదినని అన్యాయంగా పంపేసి మోసం గడిలో వేశానని రాశాను. రెండో పేరాలో, వేలు మార్చానని రాశాను. గుమాస్తా చదివి, "మొదటి పేరా తీసేయండి సిస్టర్. శిక్షకి రెండోది చాలు" అన్నాడు. తీయలేదు.

విచారణ జిల్లా ఆఫీసులో, వారం తరవాత. ఆఫీసరుగారు, పక్కన ఇద్దరు. ముందు నన్ను ఒక్కదాన్నే పిలిచారు. "వేలు సంగతి సరే. ఆ మోసాల గడి సంగతి ఎవరడిగారు మిమ్మల్ని? ఆ నెల లెక్క చూపించి రాజధానిలో నన్ను కూడా మెచ్చుకున్నారు" అన్నారు ఆఫీసరుగారు, కోపంగా కాదు, బాధగా. "ఇంకో వేలు పెట్టమని నేను చెప్పానని కూడా రాయలేదు. దానికి థాంక్స్." ఆయన ఉద్దేశం అది కాదని తెలిసి ఎలా రాస్తాను?

తరవాత ఆ ఇద్దరు ఆడవాళ్లని పిలిచారు. ఆడపడుచు నొప్పితోనే వచ్చింది, గుమ్మం దగ్గరే నేల మీద చతికిలబడింది. కుర్చీ ఇచ్చారు, వద్దంది.

"ఆ రోజు పెట్టిన వేలు ఎవరిది?"

"నాదే బాబూ."

"ఆపరేషన్ జరిగిన పొట్ట?"

"మా వదినది."

"అది మోసమని తెలియదా నీకు?"

ఆమె ఆయన్ని ఎగాదిగా చూసింది. "బాబూ, మా వదినకి ఏలు నేదన్నారు మీరు. పొట్ట మటుకు ఉన్నాది. నాకు ఏలున్నాది. మా ఇంట్లో ఉప్పు నేకపోతే పక్కింటికెల్లి తెస్తాం. ఏలు నేకపోతే నానిచ్చాను. దాని రోగం మీరు సూడరు, నా ఏలు మటుకు సూస్తారా?"

పక్కనున్న ఇద్దరిలో ఒకాయన రాయడం ఆపి కిటికీలోంచి బయటికి చూశాడు. ఆఫీసరుగారు వదిన వైపు తిరిగి, "నీ చేతులు చూపించమ్మా" అన్నారు. ఆమె లేచి వెళ్లి బల్ల మీద రెండు అరచేతులూ పరిచింది. ఆయన వంగి చూశారు. వేలి కొస మీద తన వేలు పెట్టి రాసి చూశారు. దాదాపు రెండేళ్ల కిందట నేను చేయాల్సిన పని, ఆయన ఆ రోజు చేశారు.

తీర్పు కాగితం వచ్చింది. నన్ను బీమా బల్ల నుంచి తీసేశారు. ఆసుపత్రికి హెచ్చరిక. పేగు ఆపరేషన్ ప్యాకేజీ వెనక్కి కట్టాలి. పేర్లు సరిచేయాలి. సర్టిఫికెట్ వెనక్కి ఇమ్మని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే సంతోషంగా ఇచ్చేదాన్ని.

సర్జన్‌గారు ఆ కాగితం చదివి, "జానెడు పేగు నా సొంత ఖర్చు మీద కోసినట్టయింది" అన్నారు. నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారనుకున్నాను. "మోకాళ్లు ఎలా ఉన్నాయి?" అని అడిగి, కుట్లు విప్పే గదిలో వేశారు. అక్కడ కూర్చునే పని చేయవచ్చు. పేర్లు సరిచేశాక ఆడపడుచుకి ఆపరేషన్ అయింది, తన వేలితో, తన పొట్టకి. ఆమె కుట్లు నేనే విప్పాను. "ఈ గది బాగున్నాదమ్మా, ఇక్కడ దీపాల్లేవు" అంది.

కొన్ని నెలల తరవాత పైనుంచి ఒక కొత్త ఫారం వచ్చింది. వేలిముద్రలు అరిగిపోయిన కూలీలు దరఖాస్తు చేసుకుంటే, యంత్రం లేకుండా కార్డు మీదే వైద్యం. నా ఉత్తరం వల్లే వచ్చిందని గుమాస్తా ఊరంతా చెప్పాడు. నాకు నమ్మకం లేదు. ఉత్తరాలకి అంత బలం ఉండదు. ఎవరో పెద్దవాళ్ల బంధువు వేళ్లు అరిగి ఉంటాయి.

ఆడపడుచు బలవంతం మీద వదిన ఆ దరఖాస్తు పెట్టడానికి వచ్చింది. కాసేపటికి ఇద్దరూ కాగితం పట్టుకుని నా గదికి వచ్చారు. వదిన ముఖం దిగాలుగా ఉంది. అన్నీ నింపారట. కింద 'దరఖాస్తుదారు సంతకం లేదా వేలిముద్ర' అని ఉంది. ఆమెకి సంతకం రాదు. సిరా పూసి వేలు వేస్తే నల్లటి మరక పడింది. ఇది చెల్లదు, గీతలు కనపడాలి అని బల్ల దగ్గర ఉన్న కొత్తాయన కాగితం తిప్పి ఇచ్చేశాడు.

వేలిముద్ర లేదని రాసిచ్చే కాగితం కింద వేలిముద్ర! ముగ్గురం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. ముందు ఆడపడుచే నవ్వింది.

అప్పుడు మందుల చీటీ వెనక వదిన పేరు పెద్ద అక్షరాలతో రాసి, దాని మీదే దిద్దమన్నాను. ఆ తరవాత వాళ్లు శ్రీకాకుళం వచ్చిన ప్రతిసారీ, కుట్లు విప్పే పని లేనప్పుడు దిద్దించాను. పిక్క మీద సుత్తి గురి తప్పని చెయ్యి పెన్ను పట్టుకుంటే వణికేది. "ఇది పిక్క కన్నా గట్టిగా ఉన్నాదమ్మా" అనేది. ఇంటి దగ్గర ఇసకలో రాస్తోందని, ఎవరైనా తొక్కితే తగువు పెట్టుకుంటోందని ఆడపడుచు ఫిర్యాదు చేసింది.

మూడో నెలలో కొత్త ఫారం తీసుకుని ఆమెతో నేనూ బల్ల దగ్గరికి వెళ్లాను. ఆమె నిలబడే, వంగి, నాలిక పళ్ల మధ్య పెట్టుకుని సంతకం చేసింది. నా కుర్చీలో ఉన్న కొత్తాయన కాగితం వెలుతురుకి ఎత్తి చూశాడు. అతని తప్పేమీ లేదు, ఆ కుర్చీ అలాంటిది.

"ఇది నీ సంతకమేనని రుజువేమిటమ్మా?" అన్నాడు.

నేను నోరు తెరవబోయాను. వదిన నన్ను చేత్తో ఆపింది. మాట బయటికి రాని మనిషి, అతని చేతిలోంచి కాగితం తీసుకుంది.

"మళ్లీ రాస్తాను, సూడు" అంది.

మొదటిదాని కిందే, ఒక్కో అక్షరం నొక్కి రాసింది. రెండు సంతకాలూ ఒకేలా లేవు. రెండోది బాగా వచ్చింది.